ఎవరు తొక్కినా ఆగాలన్న మేస్త్రి

మొన్న మంగళవారం మిర్యాలగూడలో రైస్‌మిల్లు దగ్గర వడ్ల బస్తాలు దింపిస్తుంటే ఫోన్ వచ్చింది. సూర్యాపేటలో మా బ్రేకుల మేస్త్రి పోయాడు. పొద్దున్నే ఛాతీలో నొప్పి అన్నాడట, దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయిందట. ఫోన్ చేసినవాడు నాలాగే పికప్ బండి ఓనరు. "పాపం, మంచోడే" అని ఒక్క మాట అని, అదే ఊపిరిలో "ఇగ అగ్గువకు చేసేటోడు ఎవడన్న ఎరుకేనా?" అని అడిగాడు. వాడు మేస్త్రి దగ్గర బ్రేకులు చేయించుకున్న పాపాన ఏనాడూ పోలేదు. ఫోన్ పెట్టేశాను.

మేస్త్రి గురించి చెప్పాలంటే ముందు మా ఓనర్ల గురించి చెప్పాలి. మాది గొప్ప జాతి. బండి కొన్న వారానికే బాడీకి చెక్కలు కొట్టి ఎత్తు పెంచుతాం, ఎక్కువ బస్తాలు పట్టాలి కదా. అద్దం మీద పిల్లల పేర్లు రాయిస్తాం. అమావాస్యకు అమావాస్యకు నిమ్మకాయలు, మిరపకాయలు మారుస్తాం. బ్రేకు బయటికి కనపడదు కాబట్టి దాని జోలికి పోము. పెడల్ ఒకసారి తొక్కితే లోపలికి దిగిపోతుంది, వెంటనే రెండోసారి తొక్కితే బ్రేకు పడుతుంది. ఆ కిటుకు తెలియడం మాలో పెద్ద విద్య. "నా బండి నాకొక్కనికే ఆగుతది" అని టీ కొట్టు దగ్గర మీసం తిప్పేవాళ్లం. నాకు మీసం లేదు గానీ ఆ మాట నేనూ చాలాసార్లు అన్నాను.

ఆ మాటే మొదటిసారి మేస్త్రి ముందు కూడా అన్నాను. హైవేను నాలుగు వరసలుగా వెడల్పు చేస్తున్న రోజులవి. ఆయన నా బండిని ఒక చుట్టు తిప్పి తెచ్చి, దిగి, నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"నీకొక్కనికే ఆగితే అది బ్రేకు గాదు సేటూ, సర్కస్. ఎవరు తొక్కినా ఆగాలె. ఒక్కసారి తొక్కితే ఆగాలె."

బండి పాతది. నాలుగు చక్రాలకూ కలిపి ఒకటే ఆయిల్ లైను, ఎక్కడ కారినా మొత్తం బ్రేకు పోతుంది. ముందు చక్రాలకు డ్రమ్ములు తీసేసి డిస్కులు వెయ్యాలని, తొక్కుడుకు బలమిచ్చే బూస్టర్ పెట్టాలని, ఒకటి పోయినా ఇంకొకటి ఉండేలా లైన్లు రెండు చెయ్యాలని చెప్పాడు. పాత సామాను దొరకదా అని అడిగాను. "చెప్పులైతే పాతయి కొనుక్కో" అన్నాడు. పంట చేతికొచ్చాక చూద్దాం అన్నాను. "సూడు. గోడ కనపడేదాంక సూడు" అని లోపలికి వెళ్లిపోయాడు.

నేను కోదాడ వెళ్లి గాలి హారన్ కొన్నాను. కొట్టతను "ఇది పెట్టించండి సార్, బండికి కళొస్తుందండి" అన్నాడు, కళ తెచ్చుకున్నాను. అంతటితో ఊరుకున్నానా? తిరిగొస్తూ మేస్త్రి షెడ్డు ముందు ఆపి, వినిపించాలని ఒకసారి గట్టిగా కొట్టాను. ఆయన చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి మొత్తం విన్నాడు. "మంచిగుంది. ఆపలేనోనికి కూతన్న గట్టిగుండాలె" అన్నాడు. అది పొగడ్త కాదని ఇల్లు చేరాక గానీ నాకు తట్టలేదు.

ఆ ఏడు నాట్ల కాలంలో తుంగతుర్తి వైపు నుంచి గరిడేపల్లి పొలాలకు ఆడకూలీలను తోలాను. ఆ గుంపుకు పెద్దయిన ఆమె ఊరి వరసకు నాకు అక్క అవుతుంది. ఒకరోజు నాకు జ్వరమొచ్చి మా బామ్మర్ది బండి తీశాడు. కాలువ మలుపులో గొర్ల మంద అడ్డమొచ్చింది. వాడు లోకంలో అందరూ తొక్కినట్టే ఒక్కసారి తొక్కాడు. పెడల్ నేలను తాకింది. మందను తప్పించబోయి బండిని దమ్ము చేసిన మడిలోకి దించాడు. బురద పట్టి ఆపబట్టి ప్రాణాలు దక్కాయి. అక్క కుడిచేతి మణికట్టు విరిగింది. నాట్లేసే మనిషికి, నాట్లేసే నెలలో, కుడిచెయ్యి.

"రెండుసార్లు తొక్కాల్నని నాకు చెప్పలేదేంది బావా?" అని వాడు ఏడ్చాడు. నిజమే, చెప్పలేదు. పైగా ఊళ్లో అడిగినవాళ్లందరికీ "వానికి నడపరాదు" అని చెప్పుకుంటూ తిరిగాను. అంత నీచమైన మాట నా జన్మలో ఇంకొకటి అనలేదు. ఇన్నేళ్లకు అచ్చులో ఒప్పుకుంటున్నాను, సిగ్గుగానే ఉంది.

బండిని మేస్త్రి దగ్గరికి ఈడ్పించాను. ఆయన తిట్టలేదు, అసలు నావైపే చూడలేదు. పది రోజులు పెట్టుకుని చెప్పినవన్నీ మార్చాడు. తాళం మాత్రం ఇవ్వలేదు. "చెయ్యి ఇరిగినామెను తోల్కరా పో" అన్నాడు. బస్సులో తీసుకొచ్చాను. షెడ్డు వెనక చిన్న దిగుడు ఉంది. ఇంజిన్ ఆన్ చేసి, న్యూట్రల్‌లో పెట్టి, కట్టు చేతితో ఉన్న అక్కను డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టాడు. తను ఫుట్‌బోర్డు మీద నిలబడి కిటికీలోంచి స్టీరింగ్ పట్టుకున్నాడు.

"నువ్వు ముంగట నిలబడు" అన్నాడు నాతో.

"నేనెందుకు మేస్త్రీ?"

"బండి నీదే గదా."

బండి కదిలింది. అద్దంలోంచి అక్క నన్నే చూస్తోంది. పక్కకు తప్పుకోవాలా వద్దా అని నేను లెక్కలేసుకుంటున్నాను. "ఇగ తొక్కమ్మా" అన్నాడాయన. ఆమె వెంటనే తొక్కలేదు. తొక్కాక మాత్రం బండి ఉన్నచోటే నిలిచిపోయింది, నాకూ దానికీ మధ్య రెండడుగులు. ఆమె కొంచెం ఆలోచించుకునే తొక్కిందని నా అనుమానం, ఆ హక్కు ఆమెకు ఉంది. దిగి, "ఇయ్యి, తమ్మునికి తాళం ఇయ్యి" అంది మేస్త్రితో.

ఆ తర్వాత ప్రతి నాట్లకు ముందు ఆయనకు బండి చూపించేవాడిని. ఆయనకు సొంత బండి లేదు. ఎర్రబస్సులోనే తిరిగేవాడు, డ్రైవర్ వెనక సీట్లో కూర్చుని వాడి కాలునే చూస్తూ. నా బండెక్కినా అంతే, మలుపు రాగానే తన కుడికాలుతో ఖాళీ నేలను నొక్కేవాడు. నన్ను ఒక్కనాడు మెచ్చుకోలేదు. నేను ఈ రోజు ఎవరి చావుకూ కారణం కాకుండా ఉన్నానంటే ఆయన నోటి దురుసే కారణం. బతికుండగా ఆ మాట ఆయనకు చెప్పలేకపోయాను.

అంత్యక్రియలకు అక్కను కూడా ఎక్కించుకుని వెళ్లాను. షెడ్డు ముందు మా ఓనర్లు ఫ్లెక్సీ కట్టారు. అందులో ఓనర్ల ఫొటోలు పన్నెండు, కొందరు నల్లద్దాలతో. మేస్త్రి ఫొటో మూలన, తపాలా బిళ్లంత. మైకులో ఒకడు "దేవుని అసొంటి మనిషి" అన్నాడు. దేవుడి మాట కూడా వీళ్లు ఏనాడు విన్నారు గనక.

బొందలగడ్డకు, అదే శ్మశానానికి, పోయే దారి ఎగుడు. బండ్లన్నీ ఆ ఎగుడు మీదే వరసగా ఆపారు. ఆపిన ప్రతివాడూ దిగి, ఒక రాయి వెతికి వెనక టైరు కింద పెట్టాడు. హ్యాండ్ బ్రేకు పట్టే బండి ఒక్కటి లేదు, మేస్త్రిని సాగనంపడానికి వచ్చిన బండ్లవి. నేను మాత్రం హ్యాండ్ బ్రేకు లాగి, రాయి పెట్టకుండా, నలుగురూ చూడాలనే మెల్లగా దిగాను.

అక్క రెండడుగులు వేసి వెనక్కి వచ్చింది. దారి పక్కనుంచి ఒక రాయిని ఎడమచేత్తో తీసుకుంది, కుడిచెయ్యి ఇప్పటికీ సరిగా మడవదు. వంగి నా బండి టైరు కింద పెట్టి, కాలితో లోపలికి నెట్టింది.

"ఇన్ని దినాలు నీ మీద కన్నేసి ఆయనున్నడు తమ్మీ. ఇగ లేడు" అంది. చీర కొంగుకు చెయ్యి తుడుచుకుని ఎగుడెక్కసాగింది.