వాయిదాకో మాల

నక్సలైట్ అన్నల కోసం పోలీసులు బస్సులు ఆపి వెతికే రోజులవి. కోరుట్ల నుంచి జగిత్యాల పోతుంటే, నాలాగే ఆంజనేయస్వామి మాల వేసుకున్న ఒకతను పక్కన కూర్చున్నాడు. తనిఖీకి బస్సు ఆగినప్పుడు గొప్పగా చెప్పాడు:

"బిడ్డకు నెలనెలా మనోవర్తి కట్టుమన్నది కోర్టు. వాయిదా రాంగనే మాలేసుకుంట స్వామీ. దీక్షల ఉన్నడని వకీలు చెప్తడు, జడ్జి ఇంకో తారీఖిస్తడు."

అదే వాయిదాకు పోతున్న అతని భార్య వెనక సీటులోంచి లేచి వచ్చి, పాపను అతని ముందు నిలబెట్టింది.

"దీక్షల అన్నదానం జేస్తరట గదా స్వామీ. మీ బిడ్డకు సుత ఇంత పెట్టుండ్రి."

అతను కళ్లు మూసుకుని గట్టిగా రామనామం అందుకున్నాడు.

మాలలో ఉన్న ప్రతివాణ్ణీ స్వామి అనే పిలవాలన్నది మా నియమం. "ఏయ్, జరుగు. పాప కూసుంటది" అన్నాను. కొండగట్టు గుడిలో మాల తీసేటప్పుడు కూడా ఆ మాటకు దేవుణ్ణి క్షమాపణ అడగలేదు.