వన్ బై టూ

ఒక చాయ్‌ని ఇద్దరు పంచుకోవడం నాకు నేర్పినవాడు మా ఆఫీసులో పక్క సీటాయన. సాయంత్రం సికింద్రాబాద్ స్టేషన్ ఎదుటి ఇరానీ హోటల్లో కూర్చోగానే "వన్ బై టూ" అని కేకేసేవాడు. తన కప్పులో కాస్త ఎక్కువుందనిపిస్తే నా కప్పులోకి వంచేవాడు.

"గిది సిటీ అన్నా. ఈడ నువ్వెవలని ఎవ్వలడగరు," అనేవాడు.

గుంటూరు దగ్గరి పల్లె నుంచి వచ్చిన నాకు చాయ్ కన్నా ఆ మాటే తియ్యగా ఉండేది.

బోయిగూడలో వాళ్ల పైపోర్షన్ ఖాళీ అయిందని తెలిసి, ఓ ఆదివారం చర్చి నుంచి నేరుగా నా భార్యతో వెళ్లాను. వాళ్లమ్మ నా భార్య చేతిలోని బైబిల్ కేసి చూసింది.

"మీరేం కులపోళ్లు బిడ్డా?"

చెప్పాను. మా పక్క సీటాయన గోడమీది క్యాలెండర్ చూస్తూ నిలబడ్డాడు.

"ఇల్లు మా సుట్టాలకిస్తమన్నం బిడ్డా," అందామె.

మేం బయటికొస్తుంటే గేటుకున్న టు-లెట్ బోర్డు తీయడానికి ఎవరూ రాలేదు.

మర్నాడు హోటల్లో, "అమ్మ జెర పాతకాలం మనిషి. ఏమనుకోకన్నా," అన్నాడు. వెయిటర్ రాగానే, నా మొహం చూడకుండా, "దో చాయ్" అని చెప్పాడు.

ఆ రోజు నుంచి ఎవరి చాయ్ వారిదే.