కొల్లేటి గట్టు మీద అడిగిన ముగింపు

ఏలూరులో రెండు రోజుల పుస్తకాల పండుగ చేస్తున్నామనీ, అందులో నా కథల గురించి నలభై నిమిషాలు మాట్లాడాలనీ ఫోన్ వస్తే ముందు నమ్మలేదు. పోస్టాఫీసులో ముప్ఫై ఏళ్ళు స్టాంపులు గుద్ది రిటైరైనదాన్ని. వేసింది ఒక్కటే పుస్తకం, అందులోనూ సగం కాపీలు మా ఇంట్లో మంచం కిందే ఉన్నాయి. ఇంకెవరికో చేయబోయి నాకు చేశారేమో అనుకున్నాను. కాదట, పుస్తకంలో కొల్లేరు మీద ఒక కథ ఉంది కనుక పిలిచారట. కొల్లేరును నేను చూసింది జీవితంలో ఒక్కసారి, అదీ బస్సు కిటికీలోంచి. ఆ సంగతి వాళ్ళకు చెప్పలేదు.

జనవరిలో ఒక శనివారం పొద్దున ఆరున్నరకు తునిలో రైలెక్కాను. ఆ బండికి ముందే రిజర్వేషన్ చేయించుకోవాలి, లేకపోతే నిలబడ్డానికి కూడా చోటుండదు. ఇంటి నుంచి తెచ్చుకున్న ఇడ్లీలు సామర్లకోట దాటాక తిన్నాను. గోదావరి మీద మంచు పట్టేసి ఉంది. వంతెన చప్పుడు తప్ప నది ఆనవాలే తెలియలేదు.

ఎనిమిదిన్నర దాటాక తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల వ్యాపారి ఒకాయన ఎక్కి నా పక్కన కూర్చున్నాడు. ఎక్కడికని అడిగాడు. కొల్లేరు మీద కథ రాశాను, మాట్లాడమని పిలిచారని కాస్త గొప్పగానే చెప్పుకున్నాను. ఆయన కథ సంగతి అడగలేదు.

"కొల్లేట్లో మనిషి పోతే దొరకడండి. గుర్రపుడెక్క కిందకెళ్తే అది పైకి రానివ్వదు," అన్నాడు. అన్నాక మళ్ళీ ఉల్లి ధరల్లో పడిపోయాడు.

తొమ్మిదిన్నరకు ఏలూరు. స్టేషన్‌కు రూతు టీచర్ గారు వచ్చారు. స్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యారు, పండుగ పనులన్నీ ఆవిడ చేతిమీదుగానే నడుస్తున్నాయి. దగ్గర్లోనే లాడ్జి చూశారు, అద్దె వాళ్ళే కట్టారు. గది శుభ్రంగా ఉంది, వేడినీళ్ళు మాత్రం ఏడు దాటితే రావు.

పండుగ ఒక స్కూలు ఆవరణలో. ఒక పక్క పుస్తకాల దుకాణాలు, ఇంకో పక్క పిల్లలు నేల మీద బోర్లా పడుకుని బొమ్మలు వేస్తున్నారు. మధ్యలో కుటుంబాల వేదిక. తాతయ్యలూ మనవరాళ్ళూ జట్లు కట్టి పొడుపుకథలు విసురుకుంటుంటే, ఒక తాతగారు ఓడిపోయి, జవాబే తప్పని నిర్వాహకులతో తగువుకు దిగారు. తల్లీకూతుళ్ళు ఒకే పుస్తకాన్ని వంతులవారీగా పైకి చదివే పోటీ అన్నిటికన్నా బాగుంది. రచయితల ప్రసంగాలకంటే అక్కడే జనం ఎక్కువ ఉన్నారు. న్యాయమే.

నా వంతు పదకొండున్నరకు వచ్చింది. నలభై మంది ఉంటారు, వాళ్ళలో పదిమంది నీడ కోసం కూర్చున్నవాళ్ళు. కథ క్లుప్తంగా చెప్పాను. రత్నం అనే మనిషి చేపల చెరువు దగ్గర కాపలా పాకలో ఉంటుంది. ఒకరోజు తెల్లవారుతుండగా పాకలోంచి బయటికొస్తుంది. గట్టు మీద తుమ్మకొమ్మకు తన చెప్పులూ, స్టీలు క్యారేజీ తగిలిస్తుంది. తర్వాత ఆమెను ఎవరూ చూడరు. కథ అక్కడితో ఆగిపోతుంది. ఆమె ఏమైందని ఎవరో అడిగారు. "అది పాఠకులే ఊహించుకోవాలి," అన్నాను పెద్ద రచయిత్రిలా. చప్పట్లు కొట్టారు. నేను పొంగిపోయాను.

వెనక వరసలో నలభై అయిదేళ్ళ ఒకావిడ మొదటి నుంచీ నిలబడే ఉంది. అందరూ వెళ్ళాక దగ్గరికి వచ్చింది. పేరు లక్ష్మి, కొల్లేటి లంకలో ఉంటారు, చేపల చెరువుల మీద పని.

"చెప్పులు తుమ్మకొమ్మకి తగిలించినట్టు మీకెవరు చెప్పారండీ?" అంది.

ఎవరూ చెప్పలేదని, నేనే కల్పించానని అన్నాను. ఆమె తలూపింది కానీ నమ్మినట్టు లేదు. తన అక్క సరోజ ఇరవై ఏళ్ళ కిందట చెరువుల దగ్గర కాపలా పాకలో ఉండేదట. అక్కడ లేదని తెలిసి వెతికితే గట్టు మీద తుమ్మకొమ్మకు చెప్పులూ క్యారేజీ దొరికాయి. మనిషి దొరకలేదు. లక్ష్మి కూతురు కాలేజీ నుంచి నా పుస్తకం తెచ్చి ఇంట్లో చదివి వినిపించింది. అప్పటి నుంచి వాళ్ళమ్మ, సరోజను చూసిన మనిషి దొరికిందని పట్టుకు కూర్చుంది.

శవం దొరకనివాళ్ళకు దర్భలతో బొమ్మ చేసి దహనం చేసి కర్మ జరిపించడం ఉంది. ఆ తల్లి మాత్రం, చూసినవాళ్ళు చెప్పందే నా పిల్లని తగలబెట్టనివ్వనంటుందట.

"రోజూ తెల్లారకుండా గట్టు మీదికెళ్ళి కూర్చుంటదండి. చూపు ఆనట్లేదు. ఏదో రోజు ఆవిడా జారిపోద్దండి," అంది లక్ష్మి. "ఒక్కసారి వచ్చి మాట్లాడండి."

చెప్పులూ క్యారేజీ ఎవరికుండవు, కాకతాళీయం అని రూతు టీచర్ గారితో వాదించాను. ఆవిడ అంతా విని, ఆ ముక్కే ఆ తల్లి ముందు చెప్పండి, నేనూ వస్తాను అన్నారు. తప్పించుకునే దారి లేకపోయింది.

ఆదివారం టీచర్ గారు చర్చిలో తొలి ఆరాధనకు వెళ్ళొచ్చాక, తొమ్మిదింటికి ఆటో మాట్లాడుకుని కైకలూరు రోడ్డు పట్టాం. ముప్పావు గంట ప్రయాణం. దారంతా చెరువులే. మనిషి జాడ లేని చోట కూడా చెరువుల్లో చేపలకు గాలి అందించే చక్రాలు తిరుగుతున్నాయి. గట్ల మీద గూడబాతులు కదలకుండా నిలబడి, ఆటో వెళ్తున్న వైపే చూస్తున్నాయి. పది కావస్తున్నా మంచు విడలేదు.

అక్కడి నుంచి పడవ. లంక పేరు రాయను, వాళ్ళు వద్దన్నారు. పడవాయన గెడకర్రతో తోస్తూ కిక్కిస గడ్డి మధ్య నుంచి తీసుకెళ్ళాడు. ఒకచోట గెడ పైకెత్తి పట్టుకున్నాడు. పడవ దానంతటదే పదిగజాలు జారాక మళ్ళీ నీళ్ళలో దింపాడు. ఎందుకని అడిగాను.

"ఇక్కడ గెడ వెయ్యమండి. మా నాన్నా వేసేవాడు కాదు," అన్నాడు.

పడవ దిగేచోట లక్ష్మి ఎదురొచ్చింది. గట్టు మీద వాళ్ళమ్మ మాణిక్యమ్మ గారు నీళ్ళవైపు తిరిగి కూర్చుని ఉన్నారు. డెబ్బై అయిదు దాటి ఉంటాయి. లక్ష్మి నన్ను చూపించి చెప్పింది. ముసలావిడ నా చెయ్యి అందుకుని పక్కన కూర్చోబెట్టుకున్నారు. నేను దారిపొడవునా అనుకున్నదంతా ఒక్క ఊపున చెప్పేశాను. నేను ఎవరినీ చూడలేదనీ, కొల్లేరే ఎరగననీ, ఇంట్లో టేబుల్ ముందు కూర్చుని రాశాననీ అన్నాను.

ఆవిడ శ్రద్ధగానే విన్నారు.

"అన్నీ రాశారు. కుక్కనెందుకు రాయలేదమ్మా?" అన్నారు.

సరోజ వెంట పాకలో చెవి తెగిన నల్లకుక్క ఒకటుండేదట. ఒకరోజు పొద్దున్నే అది తడిసి ముద్దయి ఇంటికొచ్చింది. పిల్లే తరిమేసి ఉంటుందిలే అనుకున్నారు. మనిషి పాకలో లేదని తెలిసింది మరో పదిరోజులకి. అందుకే ఏ రోజు పోయిందో వాళ్ళకీ తెలియదు.

నా కథ మొదటి రాతప్రతిలో కుక్క ఉంది. నల్లది, ఒక చెవి తెగినది. కుక్కంటే మరీ సినిమాలా ఉంటుందనిపించి ఆ పేజీన్నర నేనే కొట్టేసి, కాగితాలు పొయ్యిలో పడేశాను. ఎవరికీ చూపించలేదు. ఆ పేజీన్నరలో కుక్క ఒక్కటే కాదు, ముగింపు కూడా ఉంది.

ఇప్పుడు చెప్పకుండా లేచిపోవచ్చు. ఈ తల్లి రేపు తెల్లవారుజామున మళ్ళీ ఇక్కడికే వస్తుంది. చెబితే, నేను రాసుకున్న అబద్ధంతో ఒక మనిషిని చంపినట్టవుతుంది. రూతు టీచర్ గారి వైపు చూశాను. ఆవిడ కళ్ళు మూసుకుని ఉన్నారు, ప్రార్థన చేసుకుంటున్నారో ఏమో.

"రాసి కొట్టేశానండి, పిన్ని గారూ," అన్నాను. "కుక్క వెంటబడితే మట్టిగడ్డ విసిరి, ఇంటికి పొమ్మంది. గట్టు తెగిపోయి ఉంది. అవతలికి పోదామని చెప్పులూ క్యారేజీ తీసిపెట్టి నీళ్ళలో దిగింది. కాలు అందలేదు. కుక్క కూడా దూకింది."

లక్ష్మి కొంగు నోట్లో కుక్కుకుంది. ముసలావిడ నావైపు తిరిగారు.

"భయపడిందా అమ్మా?"

అది నేను రాయలేదు. "లేదండి," అన్నాను.

ఆవిడ నా చేతిని రెండుసార్లు నిమిరి, లక్ష్మి భుజం పట్టుకుని లేచి, ఇంటివైపు నడిచారు. ఎండ వచ్చింది. మమ్మల్ని తినకుండా పోనివ్వలేదు. చేపల పులుసు ఎంత బాగుందో, నాకు అంత కష్టంగా దిగింది.

సాయంత్రం నాలుగున్నరకు ఏలూరులో తిరుగు రైలు. శీతాకాలం కొల్లేరు చూడబోయేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఒకటే. పక్షులూ నీళ్ళూ నిజంగానే అందంగా ఉంటాయి, కానీ అక్కడ నీళ్ళను చూస్తున్నవాళ్ళంతా పక్షుల కోసమే చూస్తున్నారనుకోకండి. నాకైతే ఆ గట్టు మీంచి ఇంకా లేచి రానట్టే ఉంది.

తాడేపల్లిగూడెం దాటుతుండగా లక్ష్మి ఫోన్ చేసింది. పంతులు గారిని పిలిపించారట. సరోజ పోయిన తిథి ఏదని ఆయన అడుగుతున్నారు. తెలియకపోతే అమావాస్యకు పెట్టుకోవచ్చన్నారు. అమ్మ ఒప్పుకోవడం లేదు, మిమ్మల్నే అడగమంటోంది అంది.

తిథి నేను ఏ ప్రతిలోనూ రాయలేదు. తెలియదని చెప్పడానికే నోరు తెరిచాను.

"ఆషాఢ బహుళ నవమి," అన్నాను.

అవతల లక్ష్మి ఆ మాట పైకి చెప్పడం వినిపించింది. వెంటనే ముసలావిడ ఏడుపు, ఇరవై ఏళ్ళదీ ఒక్కసారిగా. ఫోన్ ఎవరో పెట్టేశారు. నా ముఖం చూసి ఎదుటి సీటావిడ మంచినీళ్ళ సీసా ఇచ్చింది. ఎవరైనా పోయారా అండీ అని మెల్లగా అడిగింది.

అవునన్నాను. మీకేమవుతారు అని అడిగింది. ఆషాఢ బహుళ నవమి నాడు ఇకమీదట నేనూ తలస్నానం చేస్తాను. ఆ పిల్లకూ నాకూ చుట్టరికం లేదు. చావు కబురు చెప్పింది మాత్రం నేనే.