యూదా వేషం వదలని దోరో

మా దోరో సినిమాల్లో నూట పన్నెండు సార్లు చచ్చాడు. లెక్క నాది కాదు, అతనిదే. విలన్ పక్కన ముగ్గురు రౌడీలు నిలబడితే మూడోవాడు అతనే. హీరో మొదటి గుద్దు అతనికే తగిలేది, రెండో గుద్దుకి డ్రమ్ముల మీద పడి పోయేవాడు. అయినా లగునా సరస్సు గట్టున ఉన్న మా శాన్ తెల్మో ఊరికి అతను పెద్ద నటుడే. సంతలో చేపలమ్మే ఆడవాళ్ళు, "ఈసారైనా కాస్త ఆలస్యంగా చావవయ్యా, మేం కుర్చీలో సర్దుకునే లోపే పోతున్నావు" అని ఆటపట్టించేవాళ్ళు. "డైరెక్టరు తొందరపెడుతున్నాడక్కా, ఏం చెయ్యను?" అనేవాడు.

నా పేరు మేరింగ్, కుట్టుపని చేస్తాను. దోరో ఇంటికీ మా ఇంటికీ మధ్య ఒకే గోడ. అందుకని అతని సంగతి నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

ఒకసారి మనీలాలో షూటింగులో మేడ మీంచి దూకి, కింద పేర్చిన అట్టపెట్టెల మీద కాకుండా పక్కన పడ్డాడు. తుంటి విరిగింది. సినిమావాళ్ళు ఆసుపత్రి దాకా వచ్చారు, ఆ తర్వాత కనబడలేదు. ఊరికి తెచ్చి పడుకోబెడితే, మా వీధివాళ్ళం ఇంటికొక రోజు చొప్పున వంతులు వేసుకుని అల్లం జావ కాచి పంపాం. పిద్యోంగ్ తాత మాత్రం వంతులతో పని లేకుండా రోజూ వచ్చాడు. విరిగిన ఎముకకీ పట్టేసిన నరానికీ మా ఊళ్ళో ఆయన చెయ్యే మందు. కొబ్బరినూనె వేడిచేసి ఎనిమిది నెలలు ఆ కాళ్ళు తోమాడు.

ఆ తాతకి ఇంకో పేరు కూడా ఉంది. గుడ్ ఫ్రైడే నాడు ఊరి నడుమ ప్లాజాలో వేసే క్రీస్తు శ్రమల నాటకంలో, క్రీస్తుని పట్టిచ్చి చెట్టుకి ఉరేసుకునే యూదా ఆయనే. ఆ వేషం ఇంకెవరూ ముట్టుకోరు. వేసినవాడి కోడి పందెంలో ఓడిపోతుందట, వాడికి పిల్లనెవరూ ఇవ్వరట. క్రీస్తు వేషానికి కొట్టుకు చస్తారు, యూదా అనగానే అందరికీ నడుంనొప్పి వస్తుంది.

దోరో కర్ర లేకుండా నడిచిన రోజున తాత దగ్గరికి వెళ్ళి, ఆయన చెయ్యి నుదుటికి ఆనించుకుని, "ఈ కాళ్ళిచ్చావు తాతా, నీకేమివ్వను?" అని అడిగాడు.

"నాకేం వద్దురా. వచ్చే ఏడు నేను చెట్టెక్కలేను. నువ్వెక్కు" అన్నాడు తాత.

కాళ్ళు ఆడినంతకాలం యూదా తనేనని ఆ రోజే మొక్కుకున్నాడు. పద్నాలుగేళ్ళు వరసగా వేశాడు. నిచ్చెనెక్కి, అంగీ కింద నడుముకి కట్టిన పటకాకి తాడు తగిలించుకుని, కైమితో చెట్టు కొమ్మ నుంచి దూకేవాడు. జనం చెప్పులు విసిరేవాళ్ళు. నాటకమయ్యాక ఆ చెప్పులన్నీ ఏరి ఎవరివి వాళ్ళకి ఇచ్చివచ్చేవాడు.

ఇక ఎన్నికల సంగతి. మా ఆయన తెమ్యోంగ్‌కి పక్షవాతం వచ్చి, కుడిచెయ్యి పడిపోయి అప్పటికి ఏడాది. వైద్యం కావాలంటే జీప్నీ బండిలో రెండు గంటలు పోవాలి. రెండుసార్లు మోసుకెళ్ళి చేతులెత్తేశాం. పిద్యోంగ్ తాత చేతులకి అప్పటికే వణుకు వచ్చేసింది. మా ఆయన్ని జీప్నీలోంచి బస్తాలా దింపడం చూసిన దోరో, ఆ వారమే కౌన్సిలర్ పదవికి నామినేషన్ వేశాడు.

"గెలిస్తే మన ఆరోగ్య కేంద్రంలో ఒక గది, చేతులూ కాళ్ళూ ఆడించడం తెలిసిన మనిషి ఒకరు. ఇంతే అడుగుతానక్కా. నన్ను లేపి నిలబెట్టిన ఊరు ఇది" అన్నాడు.

అంతే, నేను కుట్టుమిషన్ మూసేసి అతని వెంట ఇల్లిల్లూ తిరిగాను. మేయర్‌గా నిలబడ్డ మేడమ్ కారిడాద్ తన ఎనిమిది మంది కౌన్సిలర్ల జాబితాలో అతని పేరు వేసుకుంది. ఆవిడ జాబితాలో పేరుంటే సగం గెలిచినట్టే. ప్రచారం రోజుల్లో పోటీచేసేవాళ్ళ సినిమాలు వెయ్యకూడదు కాబట్టి, రెండు నెలలపాటు దోరో ఒక్కసారి కూడా చావలేదు.

గుడ్ ఫ్రైడేకి ముందొచ్చే మట్టల ఆదివారానికి వారం ముందు మేడమ్ దోరో ఇంటికి వచ్చింది. నేనూ అక్కడే ఉన్నాను.

"గుడ్ ఫ్రైడే నాడూ, ముందు గురువారమూ ఎవరూ ఓటు అడగడానికి వీల్లేదు, తెలుసుగా? ఆ శుక్రవారమే ఊరంతా ప్లాజాలో ఉంటుంది. నువ్వు సిలువ మీద ఉన్నావనుకో, నోరు విప్పి అడగక్కర్లేదు. చెట్టుకి వేలాడావనుకో, నెల తిరక్కుండా నీకు ఓటెవరు వేస్తారు? నాకెవరు వేస్తారు?"

"మొక్కు ఉంది మేడమ్."

"క్రీస్తు వేషం వేస్తే దేవుడు కోప్పడతాడా? క్రీస్తు వేసే కుర్రాడితో మాట్లాడేశాను. నువ్వు ఊ అను. కాదంటే నా జాబితాలో చోటు లేదు."

దోరో నావైపు చూశాడు. నేను మొహమాటపడలేదు. "నీ మొక్కు నీకు ముద్దు, మా ఆయన చెయ్యి నాకు ముద్దు. ఆవిడ చెప్పినట్టు చెయ్యి" అన్నాను. అతను తుంటి రాసుకుంటూ ఊ అన్నాడు. క్రీస్తు వేషపు ఊదారంగు అంగీ అతని కొలతకి నేనే పొడుగు చేశాను.

మట్టల ఆదివారం మధ్యాహ్నం రిహార్సలు. దోరోకి అంగీ తొడిగి, ముళ్ళ కిరీటం సర్దుతున్నాను. యూదా ఎవరని పెద్దలు అడిగితే ఒక్కడూ లేవలేదు. అప్పుడు వెనక బెంచీ మీంచి పిద్యోంగ్ తాత లేచాడు. ఎనభై ఒక్క ఏళ్ళు. పటకా కట్టుకుని, వణికే చేతులతో నిచ్చెన పట్టుకుని ఒక మెట్టెక్కాడు. రెండో మెట్టు మీద కాలు నిలవలేదు.

నా చేతిలో కిరీటం అలాగే ఉంది, దోరో పక్కన లేడు. పరుగెత్తి తాతని నడుం దగ్గర పట్టుకుని కిందికి దించాడు.

"దిగు తాతా. ఇది నా చెట్టు."

"పో రా, నీకు ఎలక్షన్లున్నాయి."

"ఉంటే ఉన్నాయి" అని అంగీ విప్పి నా చేతిలో పెట్టాడు.

నాకు ఒళ్ళు మండింది. అందరి ముందే అన్నాను: "ఒక్క తాడుకోసం మా ఆయన చేతిని ఉరేశావు." అతను తాత నడుం నుంచి పటకా విప్పి తను కట్టుకున్నాడు. శుక్రవారం నాడు ఎప్పటిలాగే దూకాడు, ఎప్పటిలాగే చెప్పులు పడ్డాయి. వాటిలో ఒకటి నాది. ఈస్టరు వెళ్ళిన మర్నాడే మేడమ్ తన జాబితా కాగితాలు కొత్తగా అచ్చువేయించింది, వాటిలో దోరో పేరు లేదు.

మేలో ఓట్లు లెక్కపెట్టారు. ఎనిమిది మంది గెలిచారు, దోరో పదో వాడు. మా ఇంటిముందు నుంచే వెళ్ళాడు, నేను తలుపు వేసుకున్నాను.

గెలిచినవాళ్ళు బ్యాండుమేళంతో వీధివీధీ తిరిగి ఓటర్లకి కృతజ్ఞతలు చెప్పడం మా దగ్గర మామూలే. ఓడినవాళ్ళు చుట్టాలింటికి పోయి పది రోజులు దాక్కుంటారు. దోరోకి ఆ సిగ్గు లేదు. మర్నాడు పొద్దున్నే ఎవరిదో మోటారు ట్రైసికిల్ అడిగి తెచ్చుకుని, పక్క సీట్లో పిద్యోంగ్ తాతని కూర్చోబెట్టుకుని, మైకు పట్టుకుని బయల్దేరాడు. "ఓటేసినవాళ్ళకి దండాలు. వెయ్యనివాళ్ళకీ దండాలు, జావ పోసింది మీరే." జనం నవ్వుతూ గుమ్మాల్లోకి వచ్చారు.

మా ఇంటిముందు ఆగాడు. మైకు పక్కన పెట్టి లోపలికి వచ్చాడు. "అక్కా, గది తేలేకపోయాను" అన్నాడు.

అతని వెనకే వచ్చిన పిద్యోంగ్ తాత మా ఆయన మంచం దగ్గర కూలబడి, "నూనె తే అమ్మా" అన్నాడు నాతో. తర్వాత దోరోతో, "కూర్చో. ఆ చెయ్యి పట్టుకో."

"నాకేం తెలుసు తాతా? తోమించుకోవడమే తెలుసు."

"ఎనిమిది నెలలు తోమించుకున్నావు. ఎక్కడ నొక్కితే ప్రాణం లేచివస్తుందో నీకంటే ఎవడికి తెలుసురా?"

దోరో కూర్చున్నాడు. తాత చూపుడువేలితో చోటు చూపిస్తుంటే, అతను మోచేతి కింద నుంచి బొటనవేలితో నొక్కుతూ మణికట్టు దాకా వచ్చాడు. గంట గడిచింది. వీధిలో ట్రైసికిల్ చుట్టూ జనం మూగారు. నడవలేని తల్లిని కుర్చీలో కూర్చోబెట్టి తెచ్చినవాళ్ళు ఒకరు, కర్రలతో వచ్చినవాళ్ళు ఒకరిద్దరు.

"మెల్లిగారా," అన్నాడు మా ఆయన ముద్దముద్దగా, "నొప్పి."

ఆ చేతికి స్పర్శ వచ్చిందేమోనని నేను ఏడాదికి పైగా సూది గుచ్చి చూస్తున్నాను, ఒక్కనాడూ ఆ మాట అనలేదు.

దోరో మా ఇంటికి కృతజ్ఞత చెప్పడానికి వచ్చాడు. నేను అతనికి ఎలా చెప్పాలో తెలియక, నూనె గిన్నె తీసుకుని మళ్ళీ వేడి చెయ్యడానికి వంటింట్లోకి వెళ్ళాను.