‘ఏటి కబుర్లు’ ఎలా ఆగిపోయింది

పదవీ విరమణకు ఇంకా నాలుగేళ్లు ఉన్నాయనగా, ఒక జూన్ నెల మొదటి వారంలో నాకు జీతం లేని రెండో ఉద్యోగం వచ్చింది. అప్పుడు నేను భిలాయి ఉక్కు ప్లాంటు టెలికాం విభాగంలో సీనియర్ మేనేజర్ని. టౌన్‌షిప్‌లో కొందరు కలిసి సొసైటీ పెట్టుకుని కమ్యూనిటీ రేడియోకు లైసెన్సు తెచ్చుకున్నారు. అందులో అందరూ స్వచ్ఛందంగా పనిచేసేవారే. సాంకేతిక బాధ్యుడిగా ఎవరో ఒకరు కావాలి. పగలంతా ఎక్స్ఛేంజీ, వాకీటాకీలు చూసుకునేవాణ్ణి కనుక నా పేరు రాసేశారు.

ట్రాన్స్‌మిటర్ యాభై వాట్లది. ముప్పై మీటర్ల స్తంభం మీద యాంటెన్నా. సెక్టర్లన్నిటికీ, అటు జాముల్ సిమెంటు కార్మికుల ఇళ్లకు, హథ్‌ఖోజ్ పారిశ్రామిక షెడ్లకు ప్రసారం బాగానే అందేది. లైసెన్సుతో వచ్చిన నిబంధనలను నేను శ్రద్ధగా చదివాను. సొంతంగా వార్తలు ఇవ్వకూడదు. ప్రతి కార్యక్రమం రికార్డింగును మూడు నెలలు భద్రపరచాలి. కార్యక్రమాలు వీలైనంత వరకు స్థానికుల భాషలో, యాసలో ఉండాలి. ఈ చివరి నిబంధన కింద ఎర్ర పెన్సిలుతో గీత కూడా గీశాను.

బుధవారం మధ్యాహ్నం రెండింటికి తెలుగు గంట. దాన్ని నడపడానికి ముందుకొచ్చిన మనిషి పైడితల్లి. సెక్టర్ 2 మార్కెట్లో ఆమెకు ఇడ్లీ బండి ఉండేది. భర్త రోలింగ్ మిల్లులో చేసి రిటైరయ్యాడు. విజయనగరం దగ్గర పల్లె నుంచి పెళ్లయి వచ్చి భిలాయిలో నలభై ఏళ్లుగా ఉంటోంది. కార్యక్రమానికి పేరేం పెడదామని అడిగితే ఆలోచించనైనా లేదు.

“ఏటి కబుర్లు అని ఎట్టేయండి బాబూ. మావోలు ఇద్దరు ఎదురుపడితే ముందు అడిగేది అదే కదేటి?”

అదే పేరు రాసి కమిటీకి పంపాను. కార్యక్రమాల కమిటీ అధ్యక్షుడు మా విభాగం డిప్యూటీ జనరల్ మేనేజర్, అంటే నా పై అధికారి. కృష్ణా జిల్లా మనిషి. ఆయన ఆ పేరు చూసి మురిసిపోయారు. ‘ఏటి’ అంటే ఏరు అనుకున్నారు. శివనాథ్ నది, అందులో ఒక పడవ బొమ్మ వేయించి, కింద ‘ఏటి కబుర్లు’ అని అచ్చు వేయించి, ప్రతి సెక్టరులోనూ పోస్టర్లు అంటింపజేశారు. అది ‘ఏమిటి’ అన్న మాటని నాకు తెలుసు. అయినా చెప్పలేదు. లోపల కొంచెం నవ్వుకున్నాను కూడా.

పైడితల్లి మైకు ముందు కూర్చుంటే కాగితం ఉండేది కాదు. ఫోను మోగగానే “ఏటమ్మా, ఏటొండేవు ఇయ్యాల?” అని మొదలుపెట్టేది. జాముల్ నుంచి కాంట్రాక్టు కూలీల ఆడవాళ్లు చేసేవారు, హథ్‌ఖోజ్ నుంచి ఫిట్టర్లు చేసేవారు. అందరికీ ఆమె పైడప్పే, అంటే పైడక్క. ఏ ఆసుపత్రిలో ఏ రోజు ఏ డాక్టరుంటాడో, హిందీలో ఉన్న రేషను ఫారంలో ఏ గడిలో ఏం రాయాలో ఆమె విడమరచి చెప్పేది. గంటసేపూ ఫోను పెట్టిన చోట ఉండేది కాదు. హిందీ కార్యక్రమాలకు కూడా అన్ని ఫోన్లు వచ్చేవి కావు.

మూడు నెలలకు ఆంధ్ర కుటుంబాల విందులో ఎవరో డీజీఎంగారిని అడిగారట, “వాట్ అనే మాటకి పడవ బొమ్మ వేయించారేమిటండీ?” అని. విందంతా నవ్విందట. మర్నాడే కమిటీ సమావేశం పెట్టారు. తాను పొరబడ్డానన్న మాట ఆయన నోట రాలేదు. “తెలుగు పరువు బజారున పడుతోంది, ఇది అశుద్ధ భాష,” అన్నారు. ఆయన ఇంట్లో పిల్లలకు తెలుగులో మంచినీళ్లడగడం రాదు, అది వేరే సంగతి. స్వరపరీక్ష పెట్టి అర్హులకే మైకు ఇవ్వాలని తీర్మానించారు. పరీక్షాధికారిని నేను.

లైసెన్సు ఫైలు అప్పుడు నా ఒళ్లోనే ఉంది. పేజీ తిప్పి, ఎర్ర గీత గీసిన నిబంధన చదివి వినిపిస్తే సమావేశం అక్కడితో ముగిసేది. వచ్చే జూలైలో నా పదోన్నతి జాబితా రావాలి. నా పనితీరు మీద వార్షిక నివేదిక రాసేది ఆయనే. నన్నెవరూ బెదిరించలేదు, నాకు నేనే భయపడ్డాను. పైగా నాది శ్రీకాకుళం జిల్లా. మా అమ్మ చివరిదాకా ‘ఏటి’ అనే అంది. ఇంజనీరింగ్ హాస్టల్లో తోటివాళ్లు నవ్వితే నేను మానేశాను. ఆ నవ్వు ఎలా ఉంటుందో తెలిసి కూడా ఫైలు తెరవలేదు. సిగ్గులేనితనం అంటే అదే.

పరీక్షకు పర్యావరణం మీద ఒక పేజీ గ్రాంథికపు వ్యాసం ఇచ్చాను. పైడితల్లి ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది. రెండు వాక్యాలు కూడబలుక్కుంటూ చదివి ఆగిపోయింది.

“సదవడానికి ఇబ్బందిగుంది బాబూ. నాను మాటాడతాను, మీరు రికాట్ చేసుకోండి. తప్పేటో చెప్పండి, దిద్దుకుంటాను.”

“కమిటీ చూస్తుందమ్మా,” అన్నాను. ఆ కాగితం మటుకు కమిటీ అంటే నేనే. ‘ఉచ్చారణ సంతృప్తికరంగా లేదు’ అని రాసి సంతకం పెట్టాను. కమిటీ ఆ ఒక్క ముక్కే ఆమెకు తెలియజేసింది.

తర్వాతి బుధవారం నుంచి డీజీఎంగారి శ్రీమతి ‘తెలుగు మాధురి’ మొదలైంది. చక్కటి భాష, తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఫోను మాత్రం ఒక్కసారే మోగింది. జాముల్ నుంచి ఎవరో ఆడమనిషి, “పైడప్పకి ఒంట్లో బాలేదేటి?” అని అడిగింది. సెలవులో ఉందని చెప్పి పెట్టేశాను. ఏడాది తిరగకుండా డీజీఎంగారికి బదిలీ అయింది. ఆ గంటను హిందీ పాటలకిచ్చారు. భిలాయి గాలిలో తెలుగు అంతటితో సరి. నా పదోన్నతి ఆ జూలైలోనే వచ్చింది.

రిటైరయ్యాక రెండేళ్లకు స్టేషను వార్షికోత్సవం వచ్చింది. కొత్త కమిటీకి యాసల మీద మోజు పుట్టింది. ‘ఏటి కబుర్లు’ రికార్డింగులు కావాలని నన్నడిగారు. ఒక్కటీ లేదు. మూడు నెలలు నిండిన ప్రతి రికార్డింగునూ తొంభై ఒకటో రోజున నేనే శుభ్రంగా చెరిపేసేవాణ్ణి. మూడు నెలలు ఉంచమన్నారు గానీ ఆపైన చెరపమని ఎవరూ అనలేదు. నా సంతకమున్న పరీక్ష కాగితం మాత్రం ఫైల్లో భద్రంగా ఉంది.

మళ్లీ వచ్చి మాట్లాడమని అడగడానికి ఆమె బండి దగ్గరికి వెళ్లాను.

“రాను బాబూ,” అంది, ఇడ్లీరేకులు కడుగుతూ. “అప్పుడు తప్పేటో చెప్పనేదు. తెలీకుండా మళ్లీ అదే తప్పు సేసెత్తాను.”

“తప్పేమీ లేదమ్మా,” అన్నాను.

“మరయితే అలగ రాసిందెవులు?”

“నేనే.”

ఆమె రేకులు పక్కన పెట్టింది. కోప్పడలేదు. నా వెనక నిలబడ్డ కుర్రవాణ్ణి “క్యా దూఁ భయ్యా?” అని హిందీలో ఏం కావాలో అడిగి, నన్ను పక్కకి జరగమంది.

ముప్పై ఆరేళ్ల ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇది. నిబంధన తెలిసినవాడు సమావేశంలో ఉన్నప్పుడే నోరు విప్పాలి. రిటైరయ్యాక చెప్పిన నిజంతో పైడితల్లికి పనిలేకపోయింది.