సుజాత మ్యాచ్ రోజు మనం పత్తిచేన్ల

ఇండియా టీమ్‌లకు కొత్తగొచ్చిన పిల్ల బాస్కెట్ వేస్తుంటే ఫోన్ల మ్యాచ్ చూసుకుంట ఒక్కదాన్నే అరిచిన. ఎనిమిదో తరగతిల మన సుజాత యాదికొచ్చింది. యాదుందా, ఆమె రింగు కింద ఎగిరితే "ఇది ఇండియాకు ఆడ్తదే!" అని గొంతులు పోయేదాక అరుస్తుంటిమి?

ఆమె మొదటి జిల్లా మ్యాచ్ సీడు పత్తి క్రాసింగ్ రోజుల్ల పడ్డది. "పొద్దుగాల పువ్వుకు పువ్వు రుద్దకపోతే కాయ పట్టదు, పంపను" అన్నది వాళ్ళమ్మ. "దాని సాళ్ళు మేం చేస్తం పెద్దమ్మా" అని నలుగురం చేన్లకు దిగినం. వేళ్ళన్నీ పుప్పొడి. మ్యాచ్ చూడనేలేదు.

"గంత మంచిగ ఆడ్తదా?" అన్నది పెద్దమ్మ, పువ్వు మీద చూపు తియ్యకుండ. నలుగురం ఒక్కసారే చెప్పవడ్తిమి.

మధ్యాహ్నం గెలిచిందని ఫోనొచ్చింది.

"గెలిస్తే రేపు గూడ ఆడాల్నా?"

"ఆడాలె పెద్దమ్మా."

ఆమె మిగిలిన సాళ్ళ దిక్కు చూసింది. "అయితే రేపు జర జల్ది రాండ్రి."