ఊపిరికి ఒకటి, తెలివికి ఒకటి

ఆఫ్రికాలో ఒక నూలు మిల్లుకు మిషన్లు బిగించి, రాజపాళయం తిరిగి వచ్చిన కొత్తల్లో నాకు జ్వరం తగిలింది. మామూలు జ్వరమే అనుకున్నాం. మాత్ర వేసుకుంటే చెమట పట్టి దిగేది, మళ్లీ వణికిస్తూ వచ్చేది. నా కళ్లు పచ్చబడటం చూసి నా భార్య షేర్ ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లింది.

ఆ పగలంతా నీళ్ల అడుగునుంచి చూసినట్టు గుర్తు. కిటికీలో దూరంగా ఉండాల్సిన పడమటి కొండలు నెమ్మదిగా నడిచి వచ్చి గోడకు ఆనుకున్నాయి. పైనుంచి పత్తి రాలుతోంది. మిల్లులో ఎగిరే దూదిలా కాదు, తీరిగ్గా, ఒక్కొక్క పోగూ తనకు నచ్చిన చోట వాలుతోంది. నా చేతుల మీద, దుప్పటి మీద, ఎప్పుడో పోయిన మా అమ్మ తల మీద. అమ్మ కొంగు దులుపుకుంటూ నవ్వుతోంది. నాకు ఏ బాధా లేదు. అంత హాయి నేను బాగున్న రోజుల్లో కూడా ఎరగను.

ఆ గదిలో నిజంగా జరిగింది తర్వాత నా భార్య చెప్పింది. రక్తం చూసి మలేరియా అన్నారు. డాక్టరమ్మ ఊరికి కొత్త, తమిళమే గాని మా ఇళ్లలో మాట్లాడే తెలుగు రాదు. వాచీ చూసుకుంటూ నా ఊపిరి లెక్కపెట్టి, నా భార్యకు తమిళంలో నిదానంగా వివరించింది. జబ్బు ఎంత ముదిరిందో తెలియాలంటే ముందు రెండు చూస్తారట: ఊపిరి ఎంత వేగంగా ఉంది, తెలివి ఎంత ఉంది. ఊపిరి మరీ వేగంగా ఉంది కాబట్టి జబ్బు ముదిరినట్టు అప్పటికే ఒక మార్కు పడింది. తెలివి సరిగ్గా ఉంటే ఇక్కడే వార్డులో వైద్యం చేస్తారు. అది కూడా తడబడి ఇంకో మార్కు పడితే, సూది మందు వేసి వెంటనే మదురై ఐసీయూకు పంపాలి.

ఐసీయూ అనగానే నా భార్య భయపడిందట. వాళ్ల నాన్నను అలాగే మదురై తీసుకెళ్లారు. ఆయన తిరిగి రాలేదు.

డాక్టరమ్మ తమిళంలో పేరు అడిగితే, ఊరు అడిగితే నేను నవ్వి ఊరుకున్నాను. "మీ భాషలో మీరే అడగండమ్మా" అంది నా భార్యతో.

నా భార్య ముఖం నా మీదికి వంగింది. అది మాత్రం నాకు గుర్తే.

"మామా, ఇట్ల చూడు. మనం ఇప్పుడు యాడ ఉండాము?"

"మిల్లులోనే గదా. తలుపు మూసేయి, పత్తంతా పోతా ఉండాది. అమ్మ వచ్చింది చూడు, కాఫీ ఇయ్యి."

తడబడకుండా, స్పష్టంగా చెప్పానట. భాష రానివాళ్లకు అది మంచి జవాబులాగే వినిపిస్తుంది.

"ఎన్న సొన్నారు?" ఏమన్నారని డాక్టరమ్మ అడిగింది.

ఆసుపత్రి అన్నాడని ఒక్క మాట చెబితే మదురై తప్పిపోయేది. అయినా నా భార్య నేనన్న ప్రతి మాటా తమిళంలో చెప్పింది, చనిపోయిన అత్త సంగతితో సహా.

సూది వేసి ఆంబులెన్స్ ఎక్కించారు. దారిలో శ్రీవిల్లిపుత్తూరు దాటేలోపే నేను పిలిస్తే పలకడం మానేశాను. మదురైలో మూత్రం నల్లబడింది, కిడ్నీలు మొరాయించాయి. వెంటనే తెచ్చారు కాబట్టి సరిపోయిందని అక్కడి పెద్ద డాక్టర్ అన్నాడట. నాకు తెలిసిందల్లా, కొండలూ పత్తీ అమ్మా ఎటో పోయి, గొంతు ఎండి, నడుము విరిగిపోతున్నట్టు నొప్పి రావడం. అమ్మ దగ్గర్నుంచి ఎవరో లాక్కొచ్చారని ఏడ్చాను.

ఇంటికి వచ్చాక ఒక ఉదయం వాకిట్లో గంజి తాగుతూ నా భార్యను అడిగాను.

"అంత బయపడినావే, సరిగ్గా చెప్పినాడని ఒక మాట అనింటే ఈడనే పెట్టుకోనుందురు గదా?"

ఆమె గిన్నెలో ఇంకొంచెం గంజి పోసింది.

"నువ్వు నా మొగమే చూస్తా మాట్లాడినావు మామా. అయితే నాతో మాట్లాడలే. అది చూసినాక అపద్దం ఎట్ల వస్తాది నోట్లో? తాగు, ఆరిపోతాది."